పని చేయించుకోవడమూ పనితనమే

వీధి తలుపు బిగుసుకుపోతోంది. వంటింటి అరమర రెక్క కిందికి జారింది. తాతల నాటి మంచం కోడు కదులుతోంది. ఇలాంటి చిన్న పనులు ప్రతి ఇంట్లోనూ నెలల తరబడి పడి ఉంటాయి. ఎందుకు చేయించలేదని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "మంచి కార్పెంటర్ దొరకడం లేదండీ."

మంచి వడ్రంగులు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ చేత పని చేయించుకోవడమే మనకు సరిగ్గా రావడం లేదు. ఏం కావాలో తేల్చుకోకుండా పిలుస్తాం. కొలతలు లేకుండా బేరమాడతాం. నోటిమాట మీద పని మొదలుపెట్టిస్తాం. చివరికి డబ్బు దగ్గర మాటా మాటా అనుకుంటాం. పని చెడిపోతే అందులో సగం బాధ్యత ఇంటివాళ్ళది. అంటే పని బాగా రావడంలో సగం మన చేతిలోనే ఉంది. ఈ అధ్యాయం ఆ సగం గురించి.

అప్పటి బంధం, ఇప్పటి ఒప్పందం

ఒకప్పుడు పల్లెలో వడ్రంగి ఊరి ఆయగాళ్ళలో ఒకరు. నాగలి, బండి, గుమ్మం, మంచం ఏది పాడైనా ఆయనే బాగుచేసేవాడు. పంట చేతికొచ్చాక కల్లంలో ఆయన వాటా ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఆ పద్ధతిని కులం శాసించింది. అందులో అన్యాయాలున్నాయి, అది మళ్ళీ రానక్కర్లేదు. అయితే ఒక మేలు కూడా ఉండేది. చేసిన మనిషి ఊళ్ళోనే ఉండేవాడు. ఇవాళ నాసిగా చేస్తే రేపు మళ్ళీ బాగుచేయాల్సింది తనే.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, విశాఖలోనో మన ఇంటికొచ్చే మేస్త్రీ పక్క జిల్లా మనిషి కావచ్చు. ఉత్తరప్రదేశ్ నుంచో, బీహార్ నుంచో, రాజస్థాన్ నుంచో వచ్చిన మనిషీ కావచ్చు. పని అవగానే ఇంకో సైటుకు వెళ్ళిపోతాడు. అప్పట్లో ఇరుగుపొరుగు బంధం కాపాడిన దాన్ని ఇప్పుడు స్పష్టమైన మాటే కాపాడాలి. ఆ మాటను సిద్ధం చేసుకోవాల్సింది ముందుగా మనం.

పిలవక ముందు మీరే చూడండి

వానాకాలంలో తలుపు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టించకండి. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని వెడల్పున ఉబ్బుతుంది. పొడవున పెరిగేది నామమాత్రమే. శ్రావణంలో ఉబ్బిన అంచును చెక్కేస్తే వేసవికి అక్కడ సందు పడుతుంది, ఆ సందులోంచి దుమ్మూ దోమలూ వస్తాయి. వీలైతే పొడి రోజులు వచ్చేదాకా ఆగండి. అప్పటికీ రాసుకుంటూనే ఉంటే అప్పుడు చెక్కించండి. చెక్కిన అంచుకు రంగో పాలిషో వేయించడం మరవకండి. వదిలేసిన పచ్చి అంచులోంచే వచ్చే ఏడాది తేమ మళ్ళీ ఎక్కుతుంది.

ఏ కాలంలోనైనా తలుపు కింది మూల గడపకు రాసుకుంటుంటే ముందు పై బందును చూడండి. అక్కడి స్క్రూలు వదులైతే రెక్క బరువుకు వాలిపోతుంది. ఆ రంధ్రంలో జిగురు పూసిన చెక్క పుల్ల దిగ్గొట్టి, ఆరాక స్క్రూ మళ్ళీ బిగిస్తే తలుపు తిన్నగా నిలుస్తుంది. అంత చిన్న పనికి తలుపే మార్చాలని ఎవరైనా అంటే ఇంకొకరిని అడగండి.

ద్వారబంధం కింద సన్నని పొడి రాలుతుంటే పుచ్చు పట్టినట్టు. గోడ వెంట సన్నని మట్టి దారులు పాకుతుంటే చెద పట్టినట్టు. చెదమందు కొట్టించకుండా కొత్త చెక్క వేయిస్తే దాన్నీ చెద తినేస్తుంది. సింకు కింద అరమర ఉబ్బిందంటే వడ్రంగి కంటే ముందు ప్లంబర్ రావాలి. నీరు కారడం ఆగనిదే ఏ చెక్కా నిలవదు. బాత్రూం గుమ్మం కింది భాగం ప్రతిసారీ కుళ్ళుతుంటే, తడి తగిలే ఆ చోట మళ్ళీ చెక్కే వేయించాలా, రాయో పీవీసీయో సరిపోతుందా అని ఆలోచించండి.

ఇవన్నీ చూసి ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏయే గదిలో ఏయే పని ఉందో ఒక కాగితం మీద రాయండి. నాలుగు చిన్న పనులు కలిపి ఒకే రోజు చేయిస్తే మీకు ఖర్చు తగ్గుతుంది, వడ్రంగికి రోజంతా పని దొరుకుతుంది.

ఎవరిని పిలవాలి?

అందరు వడ్రంగులూ అన్ని పనులూ చేయరు. గుమ్మాలు, కిటికీలు, మంచాల లాంటి కర్రపని తెలిసినవాళ్ళు వేరు. ప్లైవుడ్‌తో వార్డ్‌రోబ్‌లు, వంటింటి అరమరలు చేసేవాళ్ళు వేరు. పాలిష్ పని మరొకరిది. మంచం కోడు కుసి (రంధ్రంలోకి దిగే కర్ర కొన) వదులైతే కర్రపనిలో తలపండిన పెద్ద మేస్త్రీని వెతకండి. మేకు కొట్టి సరిపెట్టకుండా కుసిని సరిచేసి బిగించడం ఆయనకు తెలుసు.

మనిషి గురించి వాకబు చేయాలంటే టింబర్ డిపోలో, కోస్తా ఊళ్ళలోనైతే కలప అడితిలో, హార్డ్‌వేర్ షాపులో, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర అడగండి. అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం ఆయన చేసిన పాత పని. నిన్నగాక మొన్న చేసినది కాదు, మూడు నాలుగేళ్ళ కిందట చేసినది చూడండి. ఆ ఇంట్లో సొరుగులు లాగండి, తలుపులు తెరిచి మూయండి, లామినేట్ అంచులు లేచాయేమో వేలితో తడమండి. తర్వాత ఆ ఇంటివాళ్ళను రెండు మాటలు అడగండి: చెప్పిన రోజుకు వచ్చాడా? పని అయ్యాక పిలిస్తే మళ్ళీ వచ్చాడా?

పెద్ద పని ఇవ్వదలిస్తే ముందు ఒక చిన్న పని ఇచ్చి చూడండి. కొలత ఎలా తీసుకుంటున్నాడో, మూలమట్టం వాడుతున్నాడో లేదో, పని ముగిశాక పొట్టు ఊడ్చి వెళ్తున్నాడో లేదో ఆ ఒక్క పూటలో తెలిసిపోతుంది.

చెక్క గురించి తెలియాల్సినంత

మన కళాకారులు పనిని బట్టి కర్రను ఎంచుకుంటారు. కొండపల్లి బొమ్మకు తేలికైన తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు, బొబ్బిలి వీణకు పనస వాడతారు. ఇంటి పనిలోనూ ఇదే పద్ధతి పాటించాలి. ఎండా వానా తగిలే వీధి గుమ్మానికి టేకు ఖర్చు సార్థకం. లోపలి గదుల గుమ్మాలకు బాగా ఆరిన వేప, మద్ది కూడా పనికొస్తాయి. వార్డ్‌రోబ్ లోపలి అరలకు టేకు అక్కర్లేదు.

టేకు కొనేటప్పుడు అది ఆదిలాబాద్‌దా, బల్లార్షాదా, విదేశాల నుంచి వచ్చినదా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. చేవ, అంటే దుంగ నడుమ ముదిరిన భాగం, ఎంత ఉందో చూడండి. దుంగ అంచున తెల్లగా ఉండే చెక్కకు పురుగు తొందరగా పడుతుంది. పచ్చి కర్ర ఆరేకొద్దీ వంకరపోతుంది, పగులుతుంది. గాలికి ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది పడుతుందన్నది పాత లెక్క. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే కలప బాగా ఆరి ఉంటుంది, దాన్ని చులకన చేయకండి. అందులో మేకులు దాగి ఉంటాయని మాత్రం మేస్త్రీకి ముందే చెప్పండి. కోత యంత్రం పళ్ళకు మేకు తగిలితే మనిషికే ప్రమాదం.

కలపను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. వెడల్పు, మందం అంగుళాల్లోనూ పొడవు అడుగుల్లోనూ తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న ద్వారబంధానికి నిలువు కమ్మీలు రెండు 7 అడుగుల చొప్పున, పైదీ గడపా 4 అడుగుల చొప్పున అనుకుందాం. మొత్తం పొడవు 22 అడుగులు. 5ను 3తో, ఆ వచ్చినదాన్ని 22తో గుణిస్తే 330. దాన్ని 144తో భాగిస్తే సుమారు 2.3 ఘనపుటడుగులు. ఈ లెక్క వస్తే డిపోలో మీరు తెల్లమొహం వేయనక్కర్లేదు.

మీ పొలంలోని వేపో టేకో కొట్టించి వాడదామనుకుంటే ముందు అనుమతి తీసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వాల్టా చట్టం చెట్ల నరికివేతను నియంత్రిస్తుంది. టేకును ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడానికి అటవీ శాఖ పర్మిట్ కావాలి.

ప్లైవుడ్ షీటు సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అంటే 32 చదరపుటడుగులు. ఐఎస్‌ఐ గుర్తుతో పాటు దాని పైన ఉన్న ప్రమాణం సంఖ్య కూడా చూడండి. సాధారణ వాడకానికి ఐఎస్ 303, నీటిని ఎక్కువగా తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710. ఎంఆర్ అని రాసి ఉంటే అది గాలిలో తేమను ఓర్చుకుంటుందని అర్థం. నీళ్ళు తగిలే సింకు కింద దాన్ని వాడకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుప స్క్రూలు తొందరగా తుప్పు పడతాయి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో అడగండి.

కూలి లెక్క తేల్చుకోవడం

కూలి మూడు రకాలుగా మాట్లాడుకుంటారు. మరమ్మతులకు రోజు కూలి మేలు, ఎందుకంటే విప్పి చూస్తేగానీ పని ఎంతో తెలియదు. కొత్త వస్తువుకు గుత్త మేలు. సామాను మీరు కొని కూలి మాత్రం ఇవ్వవచ్చు, లేదా సామానుతో సహా ఒప్పుకోవచ్చు. మూడోది చదరపుటడుగు లెక్క. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

ఒక వార్డ్‌రోబ్ తీసుకోండి. ఎత్తు 7 అడుగులు, వెడల్పు 4 అడుగులు, లోతు 2 అడుగులు. ముందు వైపు కొలిస్తే 28 చదరపుటడుగులు. చాలామంది మేస్త్రీలు కూలి లెక్కగట్టేది ఈ ముందు కొలత మీద. ప్లైవుడ్ లెక్క వేరు. పక్క పలకలు రెండూ 28, పైనా కిందా 16, మధ్య నిలువు పలక 14, తలుపులు 28, అరలకూ సొరుగులకూ కలిపి సుమారు 24. మొత్తం 110. పదో వంతు వృథా కలుపుకుంటే 18 మిల్లీమీటర్ల షీట్లు నాలుగు కావాలి, వెనక్కి 6 మిల్లీమీటర్లది ఒకటి. అందుకే "చదరపుటడుగు ఇంత" అనగానే తలూపకండి. ఏ కొలత మీద, పైన లాఫ్ట్ వేరా, సొరుగులు వేరా, లామినేట్ అతికించడం కూలిలో కలిసిందా అని అడగండి.

సామాను షాపు విషయంలోనూ దాపరికం వద్దు. కొన్ని షాపులు మేస్త్రీకి కమిషన్ ఇస్తాయి, అది చివరికి మీ బిల్లులోనే చేరుతుంది. "మీ కూలి తగినంత ఇస్తాను. సామాను ఎంపికకు నాతో వస్తే ఆ పూట కూలీ ఇస్తాను. బిల్లు మాత్రం షాపు అసలు ధరకే కావాలి" అని ముందే మర్యాదగా చెప్పండి. తగిన కూలి దొరుకుతుందని నమ్మకం కలిగితే దీనికి చాలామంది ఒప్పుకుంటారు.

మాట్లాడే తీరు

"అన్నా, ఒక వార్డ్‌రోబ్ చెయ్యాలి, ఎంతవుతుంది?" అని అడిగితే నోటికొచ్చిన అంకె ఒకటి వస్తుంది. అది మీకూ పనికిరాదు, ఆయనకూ పనికిరాదు. ఇలా అడిగి చూడండి:

"మేస్త్రీ గారూ, ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. ఎడమవైపు బట్టలు తగిలించడానికి రాడ్డు, కుడివైపు మూడు అరలు, కింద రెండు సొరుగులు. ప్లైవుడ్ మేం తెస్తాం. కూలి ఎలా లెక్కేస్తారు?"

"ముందు కొలత మీదేనండి. సొరుగులకు వేరే పడుతుంది."

"సరే, సొరుగుకు ఎంతో చెప్పండి, రాసుకుందాం. ఎన్ని రోజుల్లో అవుతుంది?"

గొంతు పెంచాల్సిన పని లేదు, అనుమానంగా చూడాల్సిన పని లేదు. మనకు స్పష్టత ఉందని తెలిస్తే అవతలి మనిషీ స్పష్టంగానే మాట్లాడతాడు. ఆ తర్వాత ఒక కాగితం మీద ఇవి రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆయనకు తెలుగు చదవడం రాకపోతే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపినా సరే:

- చేయాల్సిన పని, కొలతలు, చేత్తో గీసిన చిన్న బొమ్మ
- ప్లైవుడ్ రకం, మందం, లామినేట్ రంగు, బందులు, గడియలు, పిడుల రకం
- సామాను ఎవరు తెస్తారు, మోత ఖర్చు ఎవరిది
- మొత్తం కూలి, ఎప్పుడెప్పుడు ఎంత ఇవ్వాలి
- మొదలుపెట్టే రోజు, ముగించే రోజు
- ముగిశాక లోపం కనబడితే ఎన్నాళ్ళ వరకు ఉచితంగా సరిచేస్తారు

డబ్బు పనితో పాటు నడవాలి. మొదట పావు వంతు, పెట్టె నిలబడ్డాక సగం దాకా, తలుపులు బిగించాక మిగతాది ఇచ్చి, ఓ పదో వంతు మాత్రం రెండు వారాల వాడకం తర్వాత ఇస్తానని ముందే చెప్పండి. ముందే చెప్పి ఆపితే అది ఒప్పందం, చివర్లో ఆపితే ఎగవేత. సామాను కూడా ఆయనే తెచ్చేటట్టయితే అడ్వాన్స్ కొంత ఎక్కువ అడగడం సహజం. ఆ డబ్బును నేరుగా షాపుకు చెల్లించి బిల్లు తీసుకోవచ్చు.

పని జరుగుతున్నప్పుడు

తొలిరోజు దగ్గరుండండి. కోత మొదలయ్యే ముందు కొలతలన్నీ ఇద్దరూ కలిసి మరోసారి చూడండి, ఒకసారి కోసిన చెక్క మళ్ళీ అతకదు. తర్వాత గంట గంటకూ తలదూర్చకండి. మధ్యలో మీ మనసు మారితే, దాని వల్ల పెరిగే కూలి ఎంతో అప్పుడే మాట్లాడుకోండి.

కరెంటు కోత యంత్రం వాడేచోట పిల్లల్ని రానీయకండి. తెగిన తీగల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇవ్వకండి. దుమ్ముకు మాస్క్, కళ్ళకు అద్దాలు లేకపోతే మీరే కొనివ్వండి, పెద్ద ఖర్చేమీ కాదు. పాలిష్‌లో కలిపే థిన్నర్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. ఆ రోజు దగ్గర్లో దీపం, పొయ్యి వెలిగించకుండా కిటికీలు తెరిచి ఉంచండి. సాయానికి పద్నాలుగేళ్ళు కూడా నిండని పిల్లాడిని తెస్తే ఒప్పుకోకండి. అది చట్టానికీ విరుద్ధం, మనసుకూ విరుద్ధం.

ముగిశాక తీరిగ్గా చూసుకోండి. తలుపు చట్రాన్ని మూల నుంచి మూలకు ఐమూలగా కొలవండి, రెండు కొలతలూ సమానంగా ఉంటే చట్రం తిన్నగా ఉన్నట్టు. స్క్రూలు సుత్తితో కొట్టినవా, తిప్పి బిగించినవా చూడండి. కొట్టిన స్క్రూ కొన్నాళ్ళకే వదులవుతుంది. సొరుగులో బరువు పెట్టి లాగండి. కోసిన ప్లైవుడ్ అంచులు, ముఖ్యంగా అడుగు భాగం, మూసి ఉన్నాయో లేదో చూడండి. లోపం కనబడితే ఆ చోటు చూపించి నెమ్మదిగా చెప్పండి.

చేతికి దక్కాల్సిన గౌరవం

కొత్త ఇంటికి ద్వారబంధం నిలబెట్టే రోజున పసుపు కుంకుమలు పెట్టి, వడ్రంగికి కొత్త బట్టలు, తాంబూలం ఇవ్వడం ఇప్పటికీ మన ఇళ్ళలో ఉంది. ఆ ఒక్క రోజు చూపే మర్యాద మిగతా రోజుల్లోనూ ఉండాలి. తాగడానికి మంచినీళ్ళు, మధ్యాహ్నం కూర్చుని తినడానికి నీడ, వాడుకోవడానికి బాత్రూం ఇవ్వడం కనీస ధర్మం. ఒప్పుకున్న కూలిని పని ముగిశాక తగ్గించమని అడగకండి. ఇస్తానన్న రోజునే ఇవ్వండి.

ఆయనకు ఉపయోగపడే కబురు తెలిస్తే చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబర్ 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి. నమోదై అర్హత పొందినవారికి శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రూపాయల వరకు హామీ అక్కర్లేని రుణం ఉంటాయి. ఫారం నింపడంలో కాసేపు తోడుంటే, ఆ సాయం ఒక కుటుంబానికి చేరుతుంది.

ఈ వారం చేయాల్సినవి

1. ఇల్లంతా తిరిగి చెక్కపని అవసరమైన చోట్లన్నీ రాయండి, ఫొటోలు తీయండి.
2. వాటిలో ఇప్పుడే చేయాల్సినవి, పొడి కాలం దాకా ఆగగలిగినవి విడదీయండి.
3. ఇద్దరు ముగ్గురు మేస్త్రీల పాత పని చూసి రండి.
4. ఒకరికి ఒక చిన్న పని ఇచ్చి, కాగితం రాసుకుని చేయించండి.
5. ఆ చిన్న పని నచ్చితే ఆ రోజే పూర్తి డబ్బిచ్చి, ఇరుగుపొరుగు ఇద్దరికి ఆయన నంబర్ ఇవ్వండి.

ఈ అలవాటు చెక్కపని దగ్గరే ఆగదు. ఏం కావాలో తేల్చుకోవడం, సూటిగా చెప్పడం, రాసుకోవడం, చెప్పిన మాటకు కట్టుబడటం వచ్చినవాళ్ళు ప్లంబర్‌తోనైనా, ఆఫీసులో తమ కింద పనిచేసేవాళ్ళతోనైనా పని సాఫీగా చేయించుకోగలరు. మంచి వడ్రంగి దొరకాలని కోరుకునే ప్రతి ఒక్కరూ ముందు మంచి ఇంటివాళ్ళు కావాలి. మీరు అలాంటివారని ఒక మేస్త్రీకి నమ్మకం కలిగితే, తర్వాత మీరు ఫోన్ చేసినప్పుడు ఆయన తప్పకుండా ఎత్తుతాడు.